దర్జీలు తెచ్చిన వీసాలు

1940 జూన్‌లో ఫ్రాన్స్ లొంగిపోయింది. తాము కోరిన జర్మన్లను అప్పగించాలని నాజీలు యుద్ధవిరమణ ఒప్పందంలోనే, 19వ అధికరణంగా, రాయించుకున్నారు. హిట్లర్ బారి నుంచి తప్పించుకుని అక్కడ తలదాచుకుంటున్న సోషలిస్టులకు, కార్మిక నేతలకు అది మరణశాసనం. వారి కోసం వాషింగ్టన్‌లో విదేశాంగ శాఖ గడప తొక్కినవారిలో ముందున్నది న్యూయార్క్ దర్జీల సంఘాలు.

ఆ సంఘాలు 1934లోనే యూదు కార్మిక కమిటీగా ఏర్పడ్డాయి. రష్యాలో జారు చక్రవర్తి జైళ్లు చూసి వచ్చిన బరూక్ వ్లాడెక్ దానికి తొలి సారథి. సభ్యుల్లో చాలామంది తూర్పు యూరప్ నుంచి వలస వచ్చినవారు. 1911లో న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో మంటలు లేచినప్పుడు బయటికి దారితీసే తలుపుకు తాళం వేసి ఉంది. 146 మంది చనిపోయారు, అత్యధికులు వలస వచ్చిన యువతులే. ఆ శవయాత్రలో నడిచిన తరానికి ఫ్రాన్స్‌లోని మార్సే రేవులో చిక్కుకున్నవారి గోడు వేరే చెప్పనక్కరలేదు.

విడ్డూరమేమిటంటే, వీసాల కోసం కమిటీ వెంట నిలిచిన అమెరికన్ కార్మిక సమాఖ్య వలసలను బిగించిన 1924 చట్టాన్ని సమర్థించిన సంస్థే. ఆ చట్టం దేశాలవారీగా పెట్టిన కోటాలు కోటాలుగానే ఉన్నాయి. కమిటీ ఇచ్చిన జాబితాలోని వారికి మాత్రం అత్యవసర సందర్శక వీసాలు దొరికాయి. యూదులు కాని జర్మన్, ఇటాలియన్ సోషలిస్టులూ ఆ జాబితాలో ఉన్నారు. కమిటీ మతం అడగలేదు. ఇది మాకు గొప్పగా తోస్తుంది.

కానీ జాబితాకెక్కాలంటే పేరుండాలి. సంఘానికి చందా కట్టిన మామూలు నేతగాడి పేరు అందులో ఎవరు రాస్తారు? పోలండ్‌లోని యూదు సోషలిస్టుల పార్టీ బుండ్ నేత ష్ముయెల్ జిగెల్‌బోయిమ్ ఒకప్పుడు చేతితొడుగులు కుట్టిన కార్మికుడు. ఆయన బయటపడ్డారు. భార్య, కుమారుడు నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా ఘెట్టోలోనే ఉండిపోయారు. 1943 మేలో, ఘెట్టో తిరుగుబాటు అణగారిపోయిన రోజుల్లో, ప్రపంచం చూస్తూ ఊరుకున్నందుకు నిరసనగా లేఖ రాసి ఆయన లండన్‌లో ప్రాణం తీసుకున్నారు.

పలుకుబడి ఉన్నవారికే తెరుచుకునే తలుపును ఆశ్రయం అనలేం. అందరికీ వర్తించే నియమం కోసం 1951లో శరణార్థుల ఒప్పందం వచ్చింది. భారతదేశం దానిపై సంతకం చేయలేదు, శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ చేసుకోలేదు. టిబెటన్లకు ఒక తీరు, రోహింగ్యాలకు మరో తీరు. పార్లమెంటు ఈ చట్టాన్ని ఇకనైనా చేపట్టాలి.