సవరణ: క్లచ్ పెడల్ కిర్రుమనే చప్పుడు గురించి

క్లచ్ పెడల్ కిర్రుమంటుంటే, తుప్పు వదిలించే స్ప్రే కొడితే సరిపోతుందని పోయిన నెల రాశాను. అది తప్పు. నా కారులోనే పది రోజులు తిరగకుండా చప్పుడు మళ్లీ మొదలైంది, ఈసారి ఇంకాస్త గట్టిగా. ఆ స్ప్రే పలచటిది. ఉన్న పాత గ్రీజును కూడా కడిగేసి, తను ఆరిపోతుంది.

టార్చి పట్టుకుని స్టీరింగ్ కింద తల దూర్చి (నడుం పట్టేసిందనుకోండి) ఇంజన్ ఆపి, పెడల్‌ను చేత్తో నొక్కి చూశాను. పైన ఇరుసు దగ్గర ప్లాస్టిక్ బుష్ (ఇరుసు చుట్టూ తొడిగే చిన్న గొట్టం లాంటి ముక్క) పొడిబారి, ఒక పక్క అరిగిపోయి ఉంది. కొత్త బుష్ వేసి, సిలికాన్ గ్రీజు పూస్తే చప్పుడు పోయింది. పెడల్‌ను వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగ్ కొక్కేనికీ కాస్త రాశాను.

ఇంకొకటి, అప్పుడు రాయడం మరిచాను. ఇంజన్ ఆన్‌లో ఉండి, క్లచ్ నొక్కినప్పుడు మాత్రమే గేర్‌బాక్స్ వైపు నుంచి చప్పుడు వస్తుంటే అది చాలావరకు రిలీజ్ బేరింగ్‌దే, అంటే పెడల్ నొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే బేరింగ్‌ది. దానికి గేర్‌బాక్స్ దించాల్సిందే, పెడల్ దగ్గర ఎంత గ్రీజు పూసినా లాభం లేదు.

నా మాట విని స్ప్రే కొట్టినవాళ్లు పెడల్ రబ్బర్లు శుభ్రంగా తుడవండి, కాలు జారుతుంది.