మందు సీసా మీది గీతను ఫోను చూపించాలి

పసిపిల్లలకిచ్చే యాంటీబయాటిక్ చాలాసార్లు సీసాలో పొడిగా వస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లు కొన్ని పోసి, బాగా కుదిపి, నురుగు దిగాక సీసా మీద గుర్తున్న చోటి వరకు మళ్లీ నీళ్లు పోయాలి. నురుగును చూసి గీత దాకా వచ్చిందని ఆపేస్తే మందు చిక్కగా ఉండిపోయి, ప్రతి మోతాదులో బిడ్డకు ఎక్కువ చేరుతుంది. గీత దాటితే మందు పలచబడుతుంది. ఇంత ముఖ్యమైన సంగతి లేబుల్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో, ఎక్కువగా ఇంగ్లిషులో ఉంటుంది. జ్వరంతో ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకున్న తల్లి అర్ధరాత్రి దాన్ని ఎలా చదవాలి?

ఆగ్మెంటెడ్ రియాలిటీ, అంటే ఫోను కెమెరాలో కనిపించే దృశ్యం మీదే గుర్తులు, సూచనలు చూపించే సాంకేతికత, చేయాల్సిన పని ఇక్కడుంది. కెమెరాను సీసా వైపు తిప్పగానే తెర మీద ఆ గీత వెలగాలి. ‘ఇప్పుడు కుదపండి, నురుగు దిగేదాకా ఆగండి’ అని తెలుగులో వినిపించాలి. మందు కలపడం నేర్పే వీడియో చూసేవారు అందులోని సీసాను తమ చేతిలోని సీసాతో పోల్చుకోవాలి. ఇక్కడ ఆ శ్రమ లేదు. అయితే కెమెరా తనంతట తాను కొలత వేయకూడదు. వెలుతురు చాలక అది కాస్త పొరబడినా మోతాదు మారిపోతుంది. సీసా మీద ముద్రించిన గుర్తు వైపు కంటిని నడిపిస్తే చాలు.

పునాది కొంతవరకు సిద్ధంగానే ఉంది. 2023 ఆగస్టు 1 నుంచి మన దేశంలో 300 మందుల బ్రాండ్లపై బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి. మందు పేరు, తయారీదారు, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ, లైసెన్సు నంబరు వంటివి అందులో ఉండాలి. నకిలీ మందులను గుర్తించడానికి అవి కావలసిందే. మరి మందు కలిపే పద్ధతి? నిబంధన అడిగే వివరాల్లో అది లేదు.

చేయాలనుకుంటే దారి ఉందని బ్రిటన్‌లో తేలింది. స్పెయిన్‌లో పుట్టిన నావిలెన్స్ అనే రంగురంగుల గడుల కోడ్‌ను కెల్లాగ్స్ సంస్థ 2020లో బ్రిటన్‌లో తన అల్పాహారం పెట్టెలపై ప్రయోగాత్మకంగా ముద్రించింది. చూపు లేనివారు సుమారు మూడు మీటర్ల దూరం నుంచి ఫోను తిప్పినా అది కోడ్‌ను పట్టుకుని, పెట్టె మీది వివరాలను చదివి వినిపిస్తుంది. అల్పాహారం పెట్టెకు దక్కిన ఈ శ్రద్ధ పసివాళ్ల మందుకు దక్కకపోవడం నన్ను బాధిస్తుంది.

ఇందుకోసం కొత్త యాప్ వేసుకోమనకూడదు, ఫోను నంబరు అడగకూడదు. కోడ్ ఉంది కదా అని ముద్రిత సూచనలను తగ్గించనూ కూడదు. స్మార్ట్‌ఫోను లేని ఇంటివారికి మందుల దుకాణంలోనే పొడి కలిపి, గీత చూపించి ఇవ్వాలి.