ఏ ఛేజ్ గురించి అడుగుతున్నావు, నాయనా?

విజయవాడ సత్యనారాయణపురంలోని మా పాత ఇంటికి కొత్త వైరింగు చేయిస్తున్నాను. ఎలక్ట్రీషియన్ ఇచ్చిన చీటీలో ‘ఛేజింగ్ కూలి’ అని ఒక పద్దు ఉంది. మా అన్నయ్య కొడుకు పకపకా నవ్వాడు. “ఎవరిని తరిమాడు బాబాయ్, దొంగనా?” అన్నాడు.

పాపం, ఆయన సరిగానే రాశాడు. పైపు కూర్చోవడానికి గోడలో కోసే గాడిని ఇంగ్లీషులో ఛేజ్ అనే అంటారు. మిషనుతో రెండు గీతలు కోసి, మధ్యలోని సిమెంటును ఉలితో లేపాడు. ఆ ఇటుక పొడి ఇంకా మా పప్పు డబ్బాల మీద ఉంది.

ఈ ఛేజ్‌కూ తరమడానికీ దగ్గరి చుట్టరికం లేదు. వేర్వేరు మాటలు ఒకే చొక్కా తొడుక్కున్నాయి, అంతే. గవర్నర్‌పేట అచ్చాఫీసులో మా నాన్నగారు కంపోజిటరుగా ఉన్న రోజుల్లో, సీసపు అక్షరాలు పేర్చిన పేజీని బిగించే ఇనుప చట్రం పేరు కూడా ఛేజే. బిగించాక ఒక అంచు కొద్దిగా ఎత్తి చూసేవారు. ఒక్క అక్షరం జారినా మళ్లీ మొదటికే. ఆ చట్రం పేరుకు మూలం పెట్టె అనే అర్థమున్న ‘కాప్సా’ అనే లాటిన్ మాట. అక్షరాలు ఉంచే కేసుకూ అదే పుట్టిల్లు.

నాకు కోపం తెప్పించింది నవ్వు కాదు, ఆ తరువాతి మాట. “అయినా ఛేజ్‌కు తెలుగులో సరైన మాటే లేదు” అన్నాడు. ఏ ఛేజ్‌కు? గేటులో దూరిన కుక్కను తరుముతాం, అది పోతే చాలు, దొరకాలని కాదు. పోలీసులు కారును వెంబడిస్తారు. అప్పు ఇచ్చినవాడు వెంటపడతాడు. చేసిన తప్పు వెంటాడుతుంది. ఇంగ్లీషు వీటన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే, లోటు మనదా?

క్రికెట్‌లోని ఛేజ్‌ను మన పత్రికలు లక్ష్య ఛేదన అన్నాయి. 2006లో జొహానెస్‌బర్గ్‌లో ఆస్ట్రేలియా 434 కొడితే దక్షిణాఫ్రికా 438 చేసి గెలిచింది. ఇంగ్లీషువాడి లెక్కలో వాళ్లు లక్ష్యం వెంట పరుగెత్తారు, మన లెక్కలో దాన్ని బద్దలు కొట్టారు. నాకు మనదే నచ్చింది. ఛేదించడమంటే కోయడం కూడా కనుక, మా గోడకు జరిగింది అచ్చమైన ఛేదనమే! అన్నట్టు, తరిమే ఛేజ్, క్యాచ్ ఒకే లాటిన్ మాటకు పుట్టిన అన్నదమ్ములు. ఫ్రెంచి మాండలికాలు రెండింటి మీదుగా ఇంగ్లీషులోకి చేరాయి.

పర్చేజ్‌లో ఉన్నదీ ఆ ఛేజే. వెంటపడి సంపాదించడం దాని పాత అర్థం. ఆ మాట పుట్టించినవారు మన బీసెంట్ రోడ్డు చూడలేదు. దుప్పటి ధర నచ్చక నాలుగడుగులు వేస్తే, ఇక్కడ వెంటపడేది అమ్మేవాడే.

ఎలక్ట్రీషియన్‌ను అడిగితే, “గాడి కొట్టిన కూలేనండీ” అన్నాడు తేలికగా. ఆ గాళ్లు పూడ్చడానికి బుధవారం వస్తానన్నాడు. ఈరోజు శుక్రవారం.