చెమట కొవ్వు కాదు

"ముప్పై రోజుల్లో పది కిలోలు" అంటూ బరువు తగ్గే చిట్కాలు చెప్పే సందేశం ఈ వారం నాకు అయిదోసారి వచ్చింది. పంపినవాళ్లంతా నా మేలు కోరేవాళ్లే. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

రోజుకు 10,000 అడుగులు పడకపోతే నడక దండగ అట. ఆ అంకె వైద్యులు తేల్చింది కాదు. 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరే 'మాన్పోకెయ్', అంటే పదివేల అడుగుల మీటరు. నాలుగు వేలు నడిచేవారు ఆరు వేలకు వెళ్లినా మేలే. ఏ పనైనా 21 రోజుల్లో అలవాటైపోతుందన్నదీ అంతే. లండన్ పరిశోధకుల అంచనాలో అది మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు.

అరటిపండు ముట్టకూడదన్న మాట కోనసీమలో ఎవరూ వినరు, వదిలేద్దాం.

నాకు కోపం తెప్పించింది నాలుగోది: "ఎంత చెమట పడితే అంత కొవ్వు కరుగుతుంది. వానకోటు వేసుకుని పరుగెత్తండి, మధ్యలో నీళ్లు తాగకండి." ఇది రాసినవారు మే నెలలో ఒక్కరోజైనా అమలాపురంలో ఉన్నారా? చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మన గాలిలో తేమకు నీడన వేసిన తువ్వాలే ఒక పట్టాన ఆరదు. దానికి తోడు ప్లాస్టిక్ కోటు!

పోయిన వేసవిలో మా బాబాయి అదే చేశారు. కాలువ గట్టు మీద గంట పరుగెత్తి లాకుల మెట్ల మీద కూలబడ్డారు. కోటు విప్పితే దాని చేతుల్లోంచి నీళ్లు ధారగా కారాయి. పెదవులు మాత్రం ఎండి పగిలి ఉన్నాయి. మాట తడబడింది. తడిగుడ్డలు కప్పి ఆసుపత్రికి పరుగెత్తాం. ఆ రోజు తగ్గిన కిలోన్నర మర్నాటికి తిరిగి వచ్చేసింది. పోయింది కొవ్వయితే ఒక్క రాత్రిలో వస్తుందా?

దాని కిందే "నొప్పి వచ్చినా ఆపవద్దు" అని ఉంది. గుండెలో నొప్పి వచ్చినా ఆపవద్దా? పదిమందికి పంపేముందు ఆ ఒక్క ప్రశ్న మీకైనా తట్టాలి కదా!

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. లక్ష్యాన్ని కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి చెప్పమన్న చివరి మాట మంచిదే. బాబాయి ఇప్పుడు క్యాలెండరు మీద "పది కిలోలు" కొట్టేసి, "వారానికి అయిదు రోజులు, అరగంట, చురుకైన నడక" అని రాసుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే కనీసం 150 నిమిషాలు అవే. తెల్లవారకముందే నీళ్ల సీసాతో బయలుదేరతారు. వెళ్లివచ్చిన రోజున పిన్ని ఆ గడిలో పెన్సిలుతో టిక్కు పెడుతుంది.