ముందు ఇంజెక్షన్, ఆ తర్వాతే రిఫరల్

రాత్రిపూట ఛాతీలో నొప్పి మొదలైతే మన పల్లెల్లో మొదట వినిపించే మాట ‘గ్యాస్ అయ్యుంటుంది’. సోడా తాగిస్తారు, ఆర్‌ఎంపీ దగ్గర ఒక మాత్ర వేయిస్తారు. తగ్గకపోతే మండల కేంద్రానికి ఆటో కడతారు. అక్కడ ‘పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి’ అని చీటీ రాసిస్తారు, జిల్లా ఆసుపత్రిలో ఇంకో చీటీ. రోగి విశాఖో, గుంటూరో, హైదరాబాదో చేరేసరికి తెల్లారుతుంది. చీటీల మీద అందరి సంతకాలూ ఉంటాయి గానీ వైద్యం మాత్రం ఎవరూ మొదలుపెట్టి ఉండరు.

గుండెకు రక్తం తీసుకెళ్లే ధమనిలో రక్తపు గడ్డ అడ్డం పడటమే గుండెపోటు. అప్పుడు ఆ ధమని తెచ్చే రక్తం మీద బతికే కండరం అరగంటలోపే చావడం మొదలవుతుంది. ఆరు గంటలు గడిచేసరికి అందులో చాలా భాగం పోతుంది, పోయింది తిరిగి రాదు. ప్రాణం దక్కినా నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే గుండె మిగులుతుంది. అందుకే మూసుకుపోయిన నాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే అంత మేలు. గుండె నాళాలకు చికిత్స చేసే ప్రత్యేక గది అయిన క్యాథ్‌ల్యాబ్‌లో బెలూన్‌తో తెరిచి, స్టెంట్ అనే సన్నని జాలీ గొట్టం వేయడం (యాంజియోప్లాస్టీ) ఒక దారి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడం రెండో దారి. వేళకు అందితే స్టెంటే మేలు, అందులో వాదం లేదు. కానీ రోగ నిర్ధారణ జరిగాక 120 నిమిషాల్లో యాంజియోప్లాస్టీ చేయలేమనుకుంటే ఆగకుండా ఇంజెక్షన్ ఇచ్చేయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. చింతూరు ఏజెన్సీ నుంచి కాకినాడకు రావాలంటే మారేడుమిల్లి ఘాట్ రోడ్డు దిగాలి. అలాంటి చోట 120 నిమిషాల లెక్క కుదిరేది కాదు.

ఈ మందు కొత్తదీ కాదు, ఇంకా పరీక్షల దశలో ఉన్నదీ కాదు. 1986లోనే ఇటలీలో 11 వేల మందికి పైగా రోగులతో జరిపిన పరిశోధనలో స్ట్రెప్టోకైనేజ్ అనే గడ్డ కరిగించే మందు ప్రాణాలు కాపాడుతుందని తేలింది. నొప్పి మొదలైన గంటలోపు మందు పడినవారిలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. 1988లో 17 వేల మందితో జరిగిన మరో అధ్యయనంలో దానికి ఆస్పిరిన్ కలిపారు. ఏ మందూ అందనివారిలో ఐదు వారాల్లో నూటికి 13 మంది చనిపోగా, రెండూ అందినవారిలో ఆ సంఖ్య 8. అదే పనికి ఇప్పుడు వాడుతున్న టెనెక్టెప్లేస్ ఇంకా సులువు. రోగి బరువును బట్టి మోతాదు లెక్కగట్టి ఒక్కసారి నరానికి ఎక్కిస్తే చాలు, దానికి క్యాథ్‌ల్యాబ్ అక్కర్లేదు.

మన దేశంలో ఆలస్యం ఎంతో కూడా తెలియంది కాదు. 20 వేల మందికి పైగా గుండె రోగుల వివరాలతో 2008లో వెలువడిన అధ్యయనంలో, నొప్పి మొదలైనప్పటి నుంచి ఆసుపత్రి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. చేరాక ఇంజెక్షన్ పడటానికి 50 నిమిషాలు. పేదలకు సరైన చికిత్స తక్కువగా అందిందని, వారిలోనే మరణాలు ఎక్కువని అదే అధ్యయనం తేల్చింది.

చిన్న ఆసుపత్రులను పెద్ద ఆసుపత్రులతో జోడిస్తే ఏమవుతుందో తమిళనాడు చూపించింది. అక్కడ 2,420 మంది రోగులను పరిశీలించగా, ఏడాదిలోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తోడ్పాటుతో ఇదే హబ్ అండ్ స్పోక్ పద్ధతి మొదలైంది. ఏరియా ఆసుపత్రిలో ఈసీజీ తీసి పంపితే హబ్‌లోని, అంటే పెద్దాసుపత్రిలోని కార్డియాలజిస్టు చూసి చెబుతారు, ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తారు. తెలంగాణ కూడా ఈ బాటే పట్టింది. పథకం మంచిదే. మా అనుమానమల్లా రాత్రి రెండు గంటలకు అది ఎలా నడుస్తుందనే. ఈసీజీ మిషన్‌లో పేపర్ రోల్ ఉందా? తీసేవాళ్లు డ్యూటీలో ఉన్నారా? ఫ్రిజ్‌లో మందు ఉందా, లేక ఇండెంట్ పెట్టామనే జవాబే ఉందా?

డ్యూటీ డాక్టర్ భయాన్నీ తేలిగ్గా తీసేయలేం. ఈ ఇంజెక్షన్ వల్ల సుమారు నూటికి ఒకరికి మెదడులో రక్తస్రావం కావచ్చు. అలా జరిగితే బంధువులు ఎవరి మీదికి వస్తారో వేరే చెప్పాలా? చీటీ రాసి పంపేస్తే ఆ టెన్షన్ ఉండదు. కాబట్టి హబ్ డాక్టర్ సలహా రికార్డు కావాలి, ప్రోటోకాల్ ప్రకారం నడుచుకున్న డాక్టర్‌కు శాఖ అండగా నిలవాలి. అది లేకుండా సర్క్యులర్లు ఎన్ని పంపినా చీటీలు ఆగవు.

ఇంజెక్షన్‌తోనే పని అయిపోదు. సుమారు మూడోవంతు మందిలో దానితో నాళం సరిగా తెరుచుకోదు, వాళ్లను వెంటనే క్యాథ్‌ల్యాబ్‌కు తరలించాలి. మిగతావారికీ 24 గంటల్లోపు నాళాలను చూసే యాంజియోగ్రాం పరీక్ష జరగాలి. 2005లోనే 108ని నడిరోడ్డు మీదికి తెచ్చిన నేలకు ఒక అంబులెన్సును సిద్ధంగా ఉంచడం తలకు మించిన పనేం కాదు.

రెండు ప్రభుత్వాలనూ మేం అడిగేది చిన్నదే. ప్రతి ఏరియా ఆసుపత్రిలో గుండెపోటు రోగి గడప తొక్కాక ఎన్ని నిమిషాలకు ఈసీజీ తీశారు, ఎన్ని నిమిషాలకు ఇంజెక్షన్ ఇచ్చారు, ఎంతమందిని ఇవ్వకుండానే పంపేశారు అన్నది నెలనెలా బయటపెట్టాలి. రోగుల పేర్లు అక్కర్లేదు, ఆసుపత్రుల పేర్లు చాలు. దీనికి కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు, వచ్చే నెల నుంచే మొదలుపెట్టొచ్చు.