పెదనాన్న తొమ్మిది మంది

విజయనగరంలో మా చెల్లి పెళ్లి. ఎంతమంది భోంచేశారన్న లెక్క దగ్గర ప్రతి శుభకార్యంలోనూ వంటవాళ్లతో పేచీ పడే పెదనాన్నకి, ఈసారి మిషన్ చేసిపెడతానని మాటిచ్చేశాను. ఇంజనీరింగ్ చదివినవాడి నోటికి తాళం ఉండదు.

భోజనాల హాలు గుమ్మానికి ఒక పక్క బల్బు, ఎదురుగా ఎల్‌డీఆర్, అంటే వెలుగు పడేదాన్నిబట్టి నిరోధం మారే సెన్సర్. మనిషి అడ్డొస్తే వోల్టేజి మారుతుంది, 74హెచ్‌సి390 అనే లెక్క చిప్పులు రెండు దాన్ని లెక్కపెడతాయి. ల్యాబులో, నిక్కచ్చి పల్సులిచ్చే సిగ్నల్ జనరేటర్‌తో చూస్తే ఒక్క తప్పు లేదు. జనరేటరు పెళ్లికి రాదన్న సంగతి నాకు తట్టలేదు.

ప్రారంభోత్సవం పెదనాన్నదే. నిండైన మనిషి, నిదానమైన నడక. ఆయన గుమ్మం దాటేసరికి బోర్డు మీద 9.

"నవగ్రహాలూ నాతోటే ఒచ్చీసినట్టున్నాయిరా!" అని మురిసిపోయారు.

పిలిచింది 400 మందిని. రెండో బంతి లేవకముందే లెక్క 1,340. పెదనాన్న వంటశాలకి పరుగు. "ఊరు ఊరంతా ఒచ్చీసినాది, ఇంకో బస్తా ఎయ్యండి!" నేను ఆపేలోపే ఎసట్లో బియ్యం పడిపోయాయి. మర్నాడు మా వీధిలో టిఫిను, భోజనం, రాత్రికీ పులిహోరే.

తప్పు చిప్పులది కాదు, నాది. వాటి డేటాషీట్లో, అంటే తయారీదారు ఇచ్చే వివరాల కాగితంలో, స్పష్టంగా ఉంది: 4.5 వోల్టుల సప్లై మీద ఇన్‌పుట్ 500 నానోసెకన్ల లోపు మారాలి. ఎల్‌డీఆర్ ఎంత హుషారుగా ఉన్నా 10 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, అంటే 20 వేల రెట్లు ఆలస్యం. కొంతమంది చుట్టాలుంటారు, ఒక కాలు గుమ్మం లోపల, ఒక కాలు బయట పెట్టి "వెళ్తున్నా, వెళ్తున్నా" అంటూ అరగంట నిలబడతారు. వోల్టేజీ అలాగే సున్నాకీ ఒకటికీ మధ్య వేలాడింది. ఆ సమయంలో ఫ్యాన్ల నుంచో సీరియల్ సెట్ల నుంచో కాస్త కరెంటు నాయిస్ తగిలి వోల్టేజీ ఊగినా చాలు, చిప్పుకి అది ఇంకో కొత్త చుట్టం.

మందు 74హెచ్‌సి14. ష్మిట్ ట్రిగ్గర్ అంటారు, ఎల్‌డీఆర్‌కీ లెక్క చిప్పుకీ మధ్య పెట్టాలి. వోల్టేజీ లోపలికి రావడానికి 2.4 వోల్టుల దగ్గర ఒక గుమ్మం, బయటికి పోవడానికి 1.4 దగ్గర ఇంకోటి, ఇంచుమించుగా. మధ్యలో ఎంత ఊగిసలాడినా లెక్క కదలదు. చిన్న చిప్పే. ఆ ఒక్కటీ ముందే పెట్టుంటే బస్తా బియ్యం మిగిలేవి.

తర్వాతి ఆదివారం ఇంట్లో బిగించి పెదనాన్నని నడవమన్నాను. ఆయన అదే నిదానంతో దాటారు. బోర్డు మీద 1.

ఆయన మొహం వాడిపోయింది. "ఏటిరా, నానొచ్చినా ఒకటేనా?"