పేరు మార్చుకోవడానికి డబ్బులెందుకు కట్టాలి?

మా చెల్లి ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్. ఒక మొబైల్ గేమ్‌లో అకౌంట్ తెరిచినప్పుడు దానికి పదమూడేళ్లు. ఆ వయసు పిల్లలు ఐడీ ఏం పెట్టుకుంటారు? సొంత పేరు, పక్కన పుట్టిన సంవత్సరం. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఒక మ్యాచ్‌లో మైక్ ఆన్ చేసి రెండు మాటలు మాట్లాడింది. ఆడపిల్ల గొంతు వినబడగానే ఒకడు మొదలుపెట్టాడు. మ్యాచ్ అయిపోయినా వదల్లేదు. పేరు కొట్టి వెతికి రోజూ రిక్వెస్టులు, మెసేజ్‌లు. వాటిలో ఉన్న మాటలు ఇక్కడ రాయలేను. బ్లాక్ చేస్తే ఇంకో అకౌంట్‌తో వచ్చాడు.

సరే, పేరు మార్చేద్దామని చూస్తే గేమ్ రీనేమ్ కార్డు కొనమంటోంది. పెద్ద మొత్తమేం కాదు. కానీ చెల్లి దగ్గర యూపీఐ లేదు. నాన్నని అడగాలి. ఎందుకో చెప్పాలి. చెబితే ముందు పోయేది ఫోనే. చివరికి నాక్కూడా చెప్పలేదు, నెల తర్వాత తెలిసింది. ఈలోగా వాడు ఆ రెండో అకౌంట్‌కి హాయిగా రెండుసార్లు పేరు మార్చుకున్నాడు. చెల్లి తీసి పెట్టుకున్న స్క్రీన్‌షాట్లలో మూడు పేర్లు, కింద మాత్రం ఒకటే ఐడీ నంబరు, గేమ్ ఇచ్చే ఆ నంబరు మారదు.

రోజుకో పేరు మారిస్తే ఎవరు ఎవరో తెలియకుండా పోతుంది, నిజమే. హద్దు ఉండాల్సిందే. ఆ హద్దు డబ్బు ఎందుకవ్వాలి అన్నదే నా గొడవ. ఫ్రీ ఫైర్‌లో పేరు మార్చాలంటే 390 డైమండ్లు. రోబ్లాక్స్‌లో యూజర్‌నేమ్ మార్చాలంటే 1000 రోబక్స్. రెండూ డబ్బు పెట్టి కొనుక్కునే గేమ్ నాణేలే. డబ్బున్నవాడికి ఇది అడ్డే కాదు. అసలు అవసరం ఉన్న పిల్లకే అడ్డు.

డబ్బుకి బదులు ఇన్ని రోజులకోసారే మార్చాలని గడువు పెడితే అందరికీ సమానం. మైన్‌క్రాఫ్ట్ పైసా తీసుకోదు, 30 రోజులకోసారి మార్చుకోనిస్తుంది. నాకు బాగా నచ్చింది ఇంకోటి: వదిలేసిన పేరును 37 రోజులు ఎవరికీ ఇవ్వదు. 30 తర్వాత మిగిలే ఆ ఏడు రోజులూ, మనసు మారితే పాత పేరు వెనక్కి తీసుకోవడానికి. మన పేరు పెట్టుకుని ఇంకెవడో మన ఫ్రెండ్స్ దగ్గరికి మర్నాడే వెళ్లే వీలు లేదు. ప్లేస్టేషన్‌లో 2019 దాకా ఆన్‌లైన్ పేరు మార్చడమే కుదిరేది కాదు. అలాంటి చోట కూడా మొదటిసారి ఉచితంగానే ఇచ్చారు.

పాత పేర్లన్నీ అందరికీ కనబడాలి, అప్పుడే తప్పుడు వెధవలు దొరుకుతారు అంటారు కొందరు. మొదట నేనూ అదే అనుకున్నాను. కానీ అలా అయితే మా చెల్లి పేరు మార్చుకుని ఏం లాభం? వాడు పాత పేరు కొట్టి మళ్లీ పట్టుకుంటాడు. మైన్‌క్రాఫ్ట్‌లో ఎవరి పాత పేర్లయినా వెతికే వీలుండేది, 2022లో తీసేశారు. మంచి పని చేశారు. కంప్యూటర్ గేమ్‌లు దొరికే స్టీమ్‌లో పాత పేర్లు కనిపిస్తాయి గానీ వాటిని ఎవరిది వాళ్లే చెరిపేసుకోవచ్చు. నా ఉద్దేశంలో పాత పేర్లు కంపెనీ దగ్గర ఉండాలి, రిపోర్ట్ చేసినవాళ్లకి మాత్రం వాడు పేరు మార్చినా తెలియాలి. బ్లాక్ ఐడీ నంబరు మీద పడితే చాలదు, ఇంకో అకౌంట్‌తో రాకుండా వాడి ఫోన్ మీదే పడాలి.

వేధింపు అని రిపోర్ట్ పెట్టిన వాళ్లకి ఆ రోజే, గడువు చూడకుండా, ఉచితంగా పేరు మార్చివ్వాలి. ఒక్క బటన్ పని అది.

చెల్లి ఇప్పుడు కొత్త అకౌంట్‌తో ఆడుతోంది. మూడేళ్ల ర్యాంకు, పండక్కి మామయ్య ఇచ్చిన డబ్బులతో కొన్న స్కిన్లు (గేమ్‌లో వేషాలు), స్కూల్ ఫ్రెండ్స్‌తో కట్టుకున్న క్లాన్ (జట్టు), అన్నీ పాత దాంట్లోనే ఉండిపోయాయి. మైక్ మాత్రం ఆన్ చేయడం లేదు.